మలేసియా అబ్బాయికి ట్రైనింగు

ఎనభైల మొదట్లో, మద్రాసులో ఇంజనీరింగు చదువుతున్న ఒక అబ్బాయి నుంచి తిరుత్తణిలోని మా ఇంటికి ఉత్తరం వచ్చింది. దీర్ఘాలూ ఒత్తులూ ఎక్కడివక్కడ పెట్టి, శుభ్రమైన తెలుగులో రాసిన ఉత్తరం. చిక్కల్లా, దాన్ని చదివే మనిషి మా ఇంట్లో లేకపోవడమే. పొద్దున లేచింది మొదలు తెలుగే మాట్లాడతాం, తెలుగులోనే పోట్లాడుకుంటాం, కాని బడిలో మేమందరం చదివింది తమిళం. చివరికి, చిన్నప్పుడు కాస్త తెలుగు చదువుకున్న మా అవ్వ ఆ కాగితాన్ని చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని, ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ చదివి వినిపించింది.

అవ్వకు అన్న అయ్యే ఒకాయన ఎప్పుడో పళ్ళిపట్టు వైపు నుంచి మలేసియా రబ్బరు తోటలకు వెళ్ళిపోయాడు. ఈ అబ్బాయి ఆయన మనవడు. చదువు పూర్తి కావాలంటే ఏదైనా ఫ్యాక్టరీలో ఆరు వారాలు పని నేర్చుకుని సర్టిఫికెట్టు తేవాలట. ఇప్పుడు ఇంటర్న్‌షిప్ అంటున్నారే, అదే. అప్పట్లో ఇన్‌ప్లాంట్ ట్రైనింగు అనేవాళ్ళు. మద్రాసులో ఎవరూ చోటివ్వడం లేదు, మామయ్యగారు ఏమైనా సాయం చేయగలరా అని ఆ ఉత్తరం సారాంశం.

మామయ్యగారంటే మా నాయన. ఎనిమిది పవర్‌లూములున్న రేకుల షెడ్డుకు ఓనరు. దాన్ని ఆయన ఫ్యాక్టరీ అనేవాడు, మేము షెడ్డు అనేవాళ్ళం. ఉత్తరమంతటిలో నాయన చెవికెక్కింది మలేసియా అన్న మాట ఒక్కటే. అమ్మకూ అంతే. వరసకు నాకు బావ అవుతాడని అవ్వ లెక్క తేల్చగానే అమ్మ ముందు గదికి సున్నం వేయించింది. నన్నెవరూ ఏమీ అడగలేదు. టైపు హయ్యరు పరీక్ష పాసై ఇంట్లో ఖాళీగా ఉన్న పిల్లను అడగడానికి ఏముంటుంది?

అతను వచ్చే రోజున స్టేషనుకు నాయన, అమ్మ, నేను ముగ్గురమూ వెళ్ళాం. మద్రాసు ప్యాసింజరు దిగినవాడు సన్నగా, నల్లగా, హవాయి చెప్పులతో, భుజాన ఒక గుడ్డసంచితో ఉన్నాడు. అమ్మ అతన్ని చూడలేదు, అతని వెనక సూట్‌కేసు మోసుకొస్తున్న కూలీ కోసం చూసింది. కూలీ లేడు, సూట్‌కేసూ లేదు. "మిగతా సామాను యాడ పెట్టినావు నాయనా?" అని అడిగింది.

"నాకు ఉన్న సామాను ఇదియే అత్తయ్యగారూ," అన్నాడు.

రబ్బరు ఎస్టేటు బడిలో పాత వాచకాలతో నేర్చుకున్న తెలుగు అది. మాకు హరికథ విన్నట్టుండేది.

తన కథ అతను అన్నం తింటూ చెప్పాడు. మద్రాసు కంపెనీలకు వెళితే, నువ్వు విదేశీయుడివి, మీ ఎంబసీ నుంచి ఉత్తరం తెమ్మన్నారట. ఎంబసీవాళ్ళు కాలేజీని అడగమన్నారు. కాలేజీలో ఎవరి చోటు వాళ్ళే వెతుక్కోవాలన్నారు. ఒక కంపెనీ ఆఫీసరైతే, ఇంత దూరం ఎందుకు తిరగడం, మీ దేశంలోనే చేసుకోరాదా అని సలహా ఇచ్చాడట. "అక్కడ మమ్ములను ఇండియావాళ్ళు అందురు," అన్నాడు నవ్వుతూ. మాలో ఎవరూ నవ్వలేదు. నాయన మజ్జిగ పోసుకుంటూ, తిరువళ్ళూరులో ఒక ఫ్యాక్టరీలో తనకు తెలిసిన పర్సనెల్ ఆఫీసరున్నాడనీ, తను ఒక మాట చెబితే చాలనీ అన్నాడు.

మరునాడు నాయన, అతను, నేను తిరువళ్ళూరు వెళ్ళాం. అప్లికేషను నేనే టైపు కొట్టాను, ఫైలు మోయడానికి నన్నూ తీసుకెళ్ళారు. ఆఫీసరు మొదట మమ్మల్ని నిలబెట్టే మాట్లాడాడు. మలేసియా అన్న మాట వినగానే కుర్చీలు వచ్చాయి, కాఫీ వచ్చింది. అక్కడ జీతాలెలా ఉంటాయి, వీసా ఎంత కాలానికి దొరుకుతుంది, సింగపూరు అక్కడికి ఎంత దూరం అని అరగంట అడిగాడు. చివరికి డ్రాయరు తెరిచి తన బావమరిది బయోడేటా తీసి అతని చేతిలో పెట్టాడు.

నాయన ట్రైనింగు సంగతి గుర్తు చేశాడు.

"అది కష్టంప్పా. ఈడ మన పిల్లోళ్ళకే చోటు లేదు. బయటి దేశపోడికి ఇస్తే నన్ను అడగరా?" అన్నాడు ఆఫీసరు. ఆ మాట అంటూనే బయోడేటా మడత పడకుండా ఫైల్లో పెట్టమని నాకు సైగ చేశాడు.

మా ఇంటికి మలేసియా అబ్బాయి వచ్చిన సంగతి మాకంటే ముందే తిరుత్తణి చేరింది. సాయంత్రానికి మా వాకిటి తిన్నె మీద జనం. కాంపౌండరు తన కొడుకుతో వచ్చాడు. బట్టల కొట్టు ఆయన ఇద్దరు తమ్ముళ్ళను తోడుకుని వచ్చాడు. అందరికీ మలేసియాలో ఉద్యోగం కావాలి. జీతం లేకుండా పని ఇప్పించండి మహాప్రభో అని ఊళ్ళు తిరుగుతున్న మనిషిని వీళ్ళంతా పని అడుగుతున్నారు. అతను ఎవరినీ కాదనలేక కాగితాలన్నీ తీసుకుని మోకాళ్ళ మీద పెట్టుకునేవాడు. ఆ వారంలో అతని కోసం నేను కొట్టిన అప్లికేషన్లు నాలుగు. అతని చేత మలేసియాకు పంపించడానికి ఊరివాళ్ళు నా చేత కొట్టించిన బయోడేటాలు ముప్పైకి తక్కువ ఉండవు. ఆ నాలుగింటికీ జవాబు రాలేదు.

ఎనిమిదో రోజున కాంపౌండరు, మీ నాయనకు అక్కడ ఎన్ని ఎకరాల తోట ఉండాది అని నేరుగా అడిగేశాడు.

"తోట కంపెనీవారిది. మా నాన్నగారు చెట్లకు గాట్లు పెట్టి పాలు తీయుదురు. కూలి పని. నేను స్కాలర్‌షిప్పు మీద చదువుతున్నాను," అన్నాడు అతను. దాచాలని అతనికి తోచలేదు. ఇన్నాళ్ళూ అడిగినవాళ్ళు లేరంతే.

కాంపౌండరు సరి సరి అంటూ లేచాడు. పోతూ పోతూ కొడుకు బయోడేటా వెనక్కి అడిగి తీసుకున్నాడు. మరునాడు తిన్నె ఖాళీ. అమ్మ అతనికి ఇస్తున్న ఫిల్టరు కాఫీ మానేసి, మాతోపాటు అతనికీ రాగి అంబలి పోసింది. బావ అని పిలవమన్న మనిషే, ఆ అబ్బాయి ముందు ఊరికే తిరగొద్దని నాకు చెప్పింది. నాయన రెండు రోజులు ముఖం చాటేసి, మూడో రోజు, "ఇంగ యాడికీ పోవద్దు. మన షెడ్లోనే ఉండి నేర్చుకో. ఎట్లాగూ ఒక మనిషి తక్కువగా ఉండాడు," అన్నాడు.

అలా దొరికింది ట్రైనింగు.

షెడ్డులో పని తెలిసినవాడు ఒక్కడే, కే.జీ.కండిగై నుంచి సైకిలు మీద వచ్చే ఫిట్టరు. చదువు లేదు. శబ్దం విని లూముకు ఏం జబ్బో చెప్పేవాడు. బావ అతని వెంటే తిరిగాడు. మోచేతుల దాకా గ్రీసు పూసుకుని, విప్పిన ప్రతి ముక్కకూ బొమ్మ గీసుకునేవాడు. మూడో నంబరు లూములో దారం మాటిమాటికీ తెగేది. నాయన దానికి దిష్టి తీయించాడు, నేసే ఆమెను తిట్టాడు, నూలు వ్యాపారితో గొడవ పడ్డాడు. బావ ఒక గిన్నెలో నీళ్ళు పోసి లూము పక్కన పెట్టి చూశాడు. నేల వాలుగా ఉంది. షెడ్డు కట్టినప్పుడు మేస్త్రీని తొందరపెట్టింది నాయనే. ఫిట్టరూ బావా కలిసి కాళ్ళ కింద చెక్కలు పెట్టి లూమును సమం చేశారు. దారం తెగడం ఆగింది. నాయన సంతోషించలేదు. రెండు రోజులు ఆ లూము వైపే రాలేదు.

ఆరు వారాలూ నిండాక సర్టిఫికెట్టు వంతు వచ్చింది. బావ తనే రాసిచ్చాడు: ఎనిమిది లూములు, ఒక ఫిట్టరు, నేర్చుకున్న పనులు ఇవీ అని. నాయన అది చదివించుకుని పెదవి విరిచాడు. "ఇట్లా రాస్తే ఎవురు మతిస్తారు, ఎవురు లెక్కజేస్తారు?" అని, ప్రెస్సులో లెటర్‌హెడ్డు అచ్చు వేయించాడు. అందులో ఆయన మేనేజింగ్ డైరెక్టరు. షెడ్డు పేరులోకి ఇంటర్నేషనల్ వచ్చి చేరింది. ఫిట్టరు చీఫ్ ఇంజనీరయ్యాడు. ఆ సంగతి నేను చెబితే అతను, "అట్లయితే రేపట్నుంచి ప్యాంటు ఏసుకోవాల్నా అమ్మాయా?" అన్నాడు. వాలు నేల సంగతున్న పేరా మొత్తం నాయన కొట్టేయించాడు. బావ నా టైపు మిషను పక్కన నిలబడి, తను సొంతంగా కనిపెట్టిన ఒక్క సంగతీ కాగితం మీద లేకుండా పోవడం చూశాడు. "పోనిండు," అన్నాడు. నాకు తలెత్తి చూడబుద్ధి కాలేదు. అయినా కొట్టాను.

కాలేజీవాళ్ళు ఆ లెటర్‌హెడ్డుకు ముచ్చటపడ్డారు. బావ పరీక్షలు రాసి మలేసియా వెళ్ళిపోయాడు. అక్కడ ఒక మిల్లులో చేరినట్టు అవ్వకు ఒక ఉత్తరం వచ్చింది. అవ్వే చదువుకుంది, ఈసారి ఎవరూ చుట్టూ చేరలేదు.

మరుసటి ఏడు ఆ కాలేజీ ప్రొఫెసరు, మా విద్యార్థులు మరో ఇద్దరిని తీసుకోగలరా అని నాయనకు రాశాడు. నాయన ఆ ఉత్తరాన్ని ఫ్రేము కట్టించాడు. ఇద్దరు మద్రాసు అబ్బాయిలు కారులో వచ్చారు. పనిలో వేసుకోవడానికని ఫిట్టరు వాళ్ళ కోసం రెండు పాత చొక్కాలు ఉతికి ఉంచాడు. వాళ్ళు షెడ్డు గుమ్మంలో నిలబడి చెవులు మూసుకున్నారు, తిరుత్తణి కొండ మీది గుడిలో దర్శనానికి ఎన్ని గంటల దాకా వదులుతారని అడిగారు, ఒకడి తండ్రి ఎంత పెద్దమనిషో తెలిశాక నాయన కూల్‌డ్రింకులు తెప్పించాడు. మధ్యాహ్నంలోపే సర్టిఫికెట్ల మీద నాయన సంతకాలైపోయాయి, కారు వెళ్ళిపోయింది.

ఆ రెండు సర్టిఫికెట్లూ నేనే కొట్టాను. ఆరు వారాలు, శ్రద్ధగా, చీఫ్ ఇంజనీరు పర్యవేక్షణలో అని. ఒక్క అక్షరం కూడా తప్పు పోలేదు.