ఒక్కరి చేతిలో ఇమిడే ఆట

కాఫీ తోట దిగుతూ జారిపడి మా అమ్మాయి కాలు విరగ్గొట్టుకుంది. అప్పుడు దానిది ఎనిమిదో తరగతి. ఆశ్రమ పాఠశాల నుంచి సెలవులకి వచ్చిన పిల్ల పిండికట్టుతో రెండు నెలలు ఇంట్లోనే ఉండిపోవాల్సి వచ్చింది. మొదటి వారం ఓర్చుకుంది. ఆ తర్వాత గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది. తినమంటే తినేది, అడిగితే పలికేది, అంతే. నాకు భయం వేసి, ఏం కావాలో చెప్పు, కొంటానన్నాను. అనంతగిరిలో పర్యాటకుల పిల్ల చేతిలో చూసిన వీడియో గేమ్ కావాలంది.

నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. తర్వాత నేర్చుకున్నదంతా అరకు గ్రంథాలయంలోనే. శుక్రవారం సంతకి మిరియాలు తీసుకెళితే అక్కడ రెండు గంటలు కూర్చోనిదే ఇల్లు చేరను. తెలియని వస్తువు కొనేముందు దాని గురించి చదవాలి నాకు. ఒక పాత మాసపత్రికలో దొరికింది. ఈ పెట్టెలు రెండు రకాలట. చేతిలో పట్టుకుని ఆడేది ఒకటి, చవక. రెండోదాన్ని చేతిలోనూ ఆడొచ్చు, స్టాండులో పెట్టి టీవీకి తగిలిస్తే ఇంటిల్లిపాదీ చూడొచ్చు. దాని ధర ఎన్నో రెట్లు, పైగా ఆటలు విడిగా కొనుక్కోవాలి.

ఇంటికొచ్చి చెబితే మా అత్త మొహం చిట్లించింది. "ఒక్కర్తే సూసుకునేదేటే? పదిమందీ సూడకూడనిది అందులో ఏటుందట?"

ఆవిడ అనుమానం మా ఊరి అనుమానమే. మా ఊళ్ళో పండక్కి మేకని కోస్తే అడ్డాకుల్లో సమానంగా వాటాలు వేస్తాం, ఊయల్లో ఉన్న పిల్లకి కూడా. మూల కూర్చుని ఒక్కరే తినేవాళ్ళని అందరూ ఓ కంట కనిపెడతారు. నేనూ కొంటే టీవీకి తగిలేదే కొనాలనుకున్నాను. అమ్మాయి కూడా, "అవునమ్మా, అదే కావాలి" అంది.

కట్టు చూపించడానికి దాన్ని ఆటోలో అరకు తీసుకెళ్ళిన రోజు, పాత ఫోన్లు అమ్మే షాపుకి వెళ్ళాం. షాపాయన రెండు రకాలూ అద్దాల బల్ల మీద పెట్టి, "మీ ఇష్టమమ్మా" అని ఊరుకున్నాడు. సరుకుని పొగిడే వ్యాపారితో ఎలా మాట్లాడాలో నాకు తెలుసు. పొగడనివాడిని చూస్తేనే భయం. అమ్మాయిని స్టూలు మీద కూర్చోబెట్టి, ఎదురుగా ఉన్న మందుల షాపుకి వెళ్ళొచ్చాను. వచ్చేసరికి పెద్దదాని ధర బాగా దిగింది.

"ఇంత బేగి తగ్గించినారేటండి?"

"పాతది కదమ్మా."

అమ్మాయి షాపు కప్పుకేసి చూస్తోంది. నేను షాపాయనకేసి చూస్తున్నాను.

మేము ఎద్దుని కొంటే ఒక సంత నుంచి ఇంకో సంత దాకా మా కొట్టంలో కట్టి చూస్తాం. నచ్చకపోతే తిరిగి తోలుకెళ్ళి ఇచ్చేస్తాం. ఇదీ అలాగే ఇమ్మన్నాను, సగం డబ్బు కడతానన్నాను.

"ఇదేటి, గడ్డేత్తే నెమరేత్తాదేటమ్మా?" అని పగలబడి నవ్వాడు. తర్వాత సరేనన్నాడు. అంత తొందరగా ఒప్పుకున్నందుకు అనుమానం ఇంకా పెరిగింది.

ఇంటికొచ్చి చూస్తే సంచిలో స్టాండు లేదు, టీవీకి పెట్టే వైరూ లేదు. ఆట చూద్దామని వచ్చిన ఇరుగుపొరుగు కాసేపు కూర్చుని వెళ్ళిపోయారు. "సదువుకున్నదాన్నని సెప్పుకుంటావు, నిన్ను కూడా ముంచేసినాడు" అంది అత్త. ఆ వారమంతా అమ్మాయి, పెట్టెలో ముందునుంచీ ఉన్న ఒక్క ఆటనే దుప్పట్లో కూర్చుని ఆడుకుంది, ఒకటి రెండుసార్లు పైకే నవ్వింది. ఆ నవ్వు వింటూ కూడా నేను షాపాయనని ఏమని అడగాలా అనే ఆలోచిస్తున్నాను.

శుక్రవారం పెట్టె పట్టుకుని ముందు గ్రంథాలయానికి వెళ్ళాను. అదే పత్రికలో అప్పుడు సరిగా చదవని రెండు వాక్యాలున్నాయి. చూడ్డానికి పెద్దదానిలాగే ఉండి, టీవీకి అసలు తగలని రకం కూడా ఒకటి ఉందట. కాగితం మీద రాసుకుని షాపుకెళ్ళి బల్ల మీద పెట్టాను.

"నాకు సదువు రాదనుకున్నారా?"

ఆయన కాగితం చదివాడు. సొరుగు లాగి స్టాండు తీశాడు, వైరు తీశాడు, పెట్టెని అందులో కూర్చోబెట్టాడు. షాపు టీవీ నిండా బొమ్మ వచ్చింది.

"మరి స్టాండు ఎందుకు దాసినారు?"

"నేను దాయలేదమ్మా. మీ గుంటే వద్దన్నాది. స్టాండు తీసేసి ధర తగ్గించండి, మా అమ్మకి సెప్పకండి అని బతిమాలినాది. టీవీలో పెడితే ఊరంతా కూకుంటాది, నా వంతు రాదు అన్నాది."

తప్పు పిల్ల మీదికి నెడుతున్నాడా అని ఒక్క క్షణం అనుకున్నాను. అంతలో ఆ రోజు అది కప్పుకేసి చూసిన చూపు గుర్తొచ్చింది. ఒక్కరే ఆడుకునేది మేం కొనమని దానికి తెలుసు. అందుకే అందరూ చూసేది అడిగి, అందరూ చూసే దారి మూయించింది. ఏ పెట్టె ఏం చేస్తుందో నేను రెండుసార్లు చదివాను. పిల్లకి ఏది కావాలో మాత్రం ఒక్కసారీ సరిగా అడగలేదు.

పెద్దది ఇచ్చేసి చిన్నది తీసుకున్నాను. నిజానికి పెద్దదానికి ఆటలు కొనడం కూడా మా వల్ల అయ్యేది కాదు.

ఇంట్లో చిన్న పెట్టెని చూడగానే అమ్మాయి మొహం వాడిపోయింది. "పెద్దది ఏదమ్మా?"

"నచ్చలేదు, ఇచ్చేశాను. దీన్లో ఆటలన్నీ ముందే ఉన్నాయి. ఇది టీవీకి తగలదు."

"షాపాయన ఏటన్నాడు?"

"ఏటీ అన్లేదు."

కాసేపు నన్నే చూసింది. "దీన్ని ఎవరెవరికి ఇవ్వాల?"

"ఎవరికీ ఇవ్వక్కర్లేదు. ఇది నీదే. మీ నాన్నమ్మతో నేను చెప్తాను."

నమ్మలేదు. పెట్టెని తిరగేసి వెనక చూసింది, మీటలన్నీ నొక్కి చూసింది, మళ్ళీ నా మొహంలోకి చూసింది. నేను లేచి వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి రాజేసి అన్నానికి ఎసరు పెట్టాను. నేనిక అటు రానని దానికి నమ్మకం కుదిరాక కాబోలు, అప్పుడు వినిపించింది ఆట మొదలైన చప్పుడు.