విచారణకు వెళ్లని మాస్టారు

సైనికాధికారుల శిక్షణ కళాశాలలో పద్దెనిమిదేళ్లుగా నాయకత్వం, నైతికత పాఠాలు చెబుతున్న ఆయన్ని అందరూ నీతి మాస్టారనే పిలిచేవారు. తప్పుడు ఆజ్ఞ ఎవరిచ్చినా కాదనాలని ప్రతి బ్యాచ్‌కీ నొక్కి చెప్పేవారు.

ఒక సాయంత్రం పాత విద్యార్థి ఒకడు ఇంటికొచ్చాడు. ఇప్పుడు లెఫ్టినెంటు. మనిషి సగమయ్యాడు. దెబ్బలకు చనిపోయిన ఖైదీ మెట్ల మీంచి జారిపడి పోయాడని నివేదిక రాయమన్నాడట పైఅధికారి.

"రాయనన్నాను సార్. ఆజ్ఞ ధిక్కరించానని ఎంక్వయిరీ వేశారు. మాకు నేర్పింది ఇదేనని మీరొచ్చి ఒక్క మాట చెబితే చాలు."

"తప్పకుండా వస్తాను బాబూ," అన్నారు మాస్టారు.

ఆ మాట ఎలా పొక్కిందో, మర్నాడే ప్రిన్సిపాల్ పిలిచాడు. "మీరు వెళ్తే పైవాళ్లు ఈ సబ్జెక్టే ఎత్తేస్తారు. ఆలోచించుకోండి."

విచారణ రోజు మాస్టారు బూట్లు కూడా తొడుక్కుని కుర్చీలోనే కూర్చుండిపోయారు. "టైమవుతోందండీ, వెళ్లరా?" అని భార్య రెండుసార్లు అడిగింది.

"నేను వెళ్తే పాఠమే పోతుందే," అన్నారు. ఆమె లోపలికి వెళ్లిపోయింది.

కుర్రాణ్ణి ఉద్యోగంలోంచి తీసేశారు. ఫోన్ చేసి నిలదీస్తాడేమోనని మాస్టారు నెలరోజులు ఎదురుచూశారు. కనీసం తిట్టినా బాగుండుననిపించింది. అతను ఫోనే చెయ్యలేదు.

కొత్త బ్యాచ్‌కి అదే పాఠం చెబుతుంటే ఒకమ్మాయి లేచి, "అలా కాదన్నవాళ్లు ఇక్కడ చదివినవాళ్లలో ఎవరైనా ఉన్నారా సార్?" అని అడిగింది.

మాస్టారు చేతిలోని సుద్దముక్క బల్ల మీద పెట్టారు.

"నాకు తెలిసి ఎవరూ లేరమ్మా," అన్నారు.