గునుగు మడిలో అవ్వ

ఆ రోజుల్లో దయ్యాలు కూడా వేళాపాళా పాటించేవి. చీకటి పడ్డాక తిరిగేవి, కోడి కూసేలోగా వెళ్లిపోయేవి. మా ఊరి దయ్యం మాత్రం పట్టపగలు వచ్చి కూలిపని చేసి పోయేది. నిజాం సర్కారు నడుస్తున్న కాలం. అచ్చంపేటకు ఇవతల చిన్న పల్లె మాది. నాకప్పుడు పెళ్లీడు. దయ్యాలంటే నమ్మకం లేదని అందరితో అంటుండేదాన్ని (అమ్మ పక్కన ఉన్నప్పుడు మాత్రమే).

ఆ ఏడు వానలు వెనకబడి మెట్ట చెలకల్లో జొన్న మొలవలేదు. జొన్న లేకపోతే దాని నడుమ కలుపుగా పుట్టే గునుగు కూడా ఉండదు. గునుగు పూలు లేకుండా బతుకమ్మను పేర్చేదెట్లా? అందుకని మా వాడ ఆడవాళ్లంతా కలిసి మోటబావి పక్కన అందరి కోసం ఒక పూలమడి తవ్వారు. గునుగు గింజలు చల్లారు. లొల్లి పెద్దమ్మ పుట్టిల్లు కొత్తకోట నుంచి కొంగులో కట్టుకొచ్చిన నేలసంపెంగ గడ్డల్ని గట్టు వెంబడి పెట్టారు. (పెద్దమ్మ అంటే మా పెద్దనాయిన భార్య. ఆ పేరు ఎందుకొచ్చిందో ఆమెతో కాసేపు మాట్లాడితే తెలిసేది.) గునుగు గింజలు మాత్రం మా అవ్వవి, అంటే నాయిన తల్లివి. వాడలో కలుపు తీసే ఆడవాళ్లందరికీ ఆమే పెద్ద, అందరికీ పని నేర్పింది ఆమే. ఆ ఎండాకాలంలో పోయింది. పోయేముందు సొరకాయ బుర్రలో దాచిన గింజలు నా చేతిలో పోసి, "బతుకమ్మ ఆపకుండ్రి బిడ్డా. నేను యాడున్నా జూస్తుంట" అంది. మంచి మాటే. కానీ తర్వాత అదే మా మెడకు చుట్టుకుంది.

మడి పచ్చగా లేచింది. మేకలు మేయకుండా రోజుకొకరు కావలి కూర్చోవాలన్నారు. అదిగో, అప్పుడే మొదలైంది. పొద్దున నిండుగా ఉన్న మడి మాపటికి పలచబడేది. గిట్టల గుర్తు ఒక్కటీ ఉండేది కాదు. పీకిన గునుగు మొక్కలు గట్టు మీద కుప్పగా పడి ఉండేవి. వేళ్లకున్న మట్టి దులిపి, వేళ్లన్నీ ఎండ తగిలేటట్టు ఒకే దిక్కుకు పెట్టి ఉండేవి. గడ్డిపోచల్లా ఉండే సంపెంగ మొలకలు కూడా ఆ కుప్పలోనే కనిపించేవి. కావలి కూర్చున్న ప్రతి మనిషీ ఒట్టు పెట్టేది. "నీ కాల్మొక్త, ఎవ్వలు రాలే. రెప్ప గొట్టలే నేను. లేసి జూస్తే కుప్ప నా పక్కకే ఉన్నది" అని చెప్పినామె ఆ సాయంత్రమే జ్వరంతో పడింది.

కుప్ప పెట్టిన తీరు చూడగానే అందరికీ గుర్తొచ్చింది ఒక్క మనిషే. అలా దులిపి అలా పెట్టడం మా అవ్వ పద్ధతి. ఇంకోలా పెడితే వీపు మీద ఒక్కటి చరిచేది. "అత్త యాడికీ పోలే. ఈడనే తిరుగుతాంది" అని తేల్చేసింది లొల్లి పెద్దమ్మ. "బతికున్నప్పుడు నన్ను నోరెత్తనియ్యలే. గిప్పుడు పూలను సుత తలెత్తనిస్తలేదు!"

పక్క ఊరి మంత్రగాణ్ణి పిలిపించారు. అతను ఒక నల్లకోడినీ, జానెడు ఇనుప మేకునూ అడిగాడు. మేకును అవ్వను పూడ్చిన బొంద మీద, తల ఉన్న చోట దిగ్గొట్టాలట. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాయిన తల వంచుకున్నాడు. వాడంతా ఒక్క మాట మీదుంటే ఒక్క ఇల్లు ఏమనగలదు? అవ్వ పక్కలో పడుకుని పెరిగినదాన్ని నేను. నాకు కడుపు మండిపోయింది. "అవ్వ గాదని నేను జూపిస్త. రేపు కావలి నేనే గూసుంట" అన్నాను. అనడమైతే అన్నాను గానీ ఆ పూట అన్నం సహించలేదు.

మరునాడు మడి మధ్యలో కూర్చున్నాను. బావికి అవతల అవ్వ బొంద కనిపిస్తూనే ఉంది. కళ్లు దాని మీద నుంచి తిప్పలేదు. మిట్టమధ్యాహ్నమైంది. మోట ఆపి, ఎద్దుల్ని విప్పుకుని పోయారు. ఆకు కదలడం లేదు. నా నీడ నా కిందికే దూరింది. అప్పుడు వినపడింది. టప్. వేరు ఊడిన చప్పుడు. తర్వాత మట్టి దులుపుతున్న చప్పుడు. నా పక్కనే. తల తిప్పే ధైర్యం లేక, "అవ్వా, నేనే, నీ మన్మరాల్ని" అన్నాను. చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది. (నమ్మకం లేదన్నాను చూడండి, ఆ మాట అప్పుడే వెనక్కి తీసుకున్నాను.) చెమట కళ్లలోకి కారుతుంటే తుడుచుకుందామని చెయ్యి ఎత్తాను. పిడికిట్లో గునుగు మొక్క, వేళ్లతో సహా ఉంది. పక్కన కుప్ప, వేళ్లన్నీ ఎండ దిక్కుకు.

అప్పుడు అర్థమైంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ జొన్నచేలో గునుగు కనపడితే పీకెయ్యడమే మా చేతులకు తెలుసు. మనసు ఎక్కడున్నా, నోరు ఏం మాట్లాడుతున్నా అవి తమ పని చేసుకుపోతాయి. ఈసారి గునుగును పండుగకు పెంచుతున్నామని మాకు తెలుసు గానీ చేతులకు ఎవరూ చెప్పలేదు.

పరుగెత్తుకుంటూ పోయి చెప్పాను. ఎవరూ నమ్మలేదు సరికదా, "అయ్యో, ముసల్ది నీ మీదికే వచ్చింది" అన్నారు. మంత్రగాడు మేకు తీసుకుని లేచాడు. వాడంతా అతని వెంట బావి దాకా వచ్చింది. ఇక దారి లేక పెద్దమ్మ చెయ్యి పట్టుకుని మడి గట్టు మీద కూర్చోబెట్టాను. "పెద్దమ్మా, జర ఆగు. మేకు గొట్టే ముందు అవ్వ నిన్ను ఎంత గోస పెట్టిందో అందరికీ చెప్పు."

అడగడమే ఆలస్యం. పెళ్లైన కొత్తలో పెట్టిన సద్ది జొన్నరొట్టె దగ్గర నుంచి అందుకుంది. ఆమె కళ్లు జనం మీద ఉన్నాయి. చెయ్యి కిందికి జారింది. టప్. మట్టి దులిపింది. పక్కన పెట్టింది. టప్. చూస్తున్నవాళ్ల మాటలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

"పెద్దమ్మా, నీ చెయ్యి జూడు" అన్నాను.

చూసుకుంది. ఆమె నోరు మూతపడడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఎవరూ నవ్వలేదు. ఆడవాళ్లంతా తమ చేతులను ఎవరివో అన్నట్టు చూసుకుంటున్నారు. మంత్రగాడు మెల్లగా, "మరి మేకు యాడ గొట్టాలె?" అన్నాడు. "నా నెత్తి మీద గొట్టు, పో!" అంది పెద్దమ్మ. అప్పుడు మొదలైన నవ్వు అతను ఊరు దాటేదాకా ఆగలేదు (నల్లకోడిని మాత్రం చంకన పెట్టుకునే పోయాడు).

ఆ తర్వాత కావలి కూర్చునేవాళ్లు చేతులు కొంగుతో కట్టుకుని కూర్చున్నారు. మిగిలిన పూలతో ఆ ఏడు బతుకమ్మ జానెడే లేచింది, కానీ లేచింది. శిఖరాన పువ్వు పెట్టింది పెద్దమ్మే. "అత్తా, జూస్తున్నవా?" అని ఏడ్చింది కూడా.

ఇప్పుడు మా మనవడి ఇంట్లో, పట్నంలో ఉంటున్నాను. మొన్న సందు చివరి పార్కులో ఎవరితోనో మాట్లాడుతూ కూర్చుంటే కాపలా అతను పరుగెత్తుకొచ్చాడు. "అవ్వా, పూలమొక్కలు గట్ల పీకుతున్నవేంది?" కిందికి చూశాను. పక్కన చిన్న కుప్ప ఉంది. మట్టి దులిపి, వేళ్లన్నీ ఎండ దిక్కుకు పెట్టి ఉంది. మడిలోకి అవ్వ రాలేదని వాడ మొత్తంతో వాదించి గెలిచిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. పిచ్చిపిల్ల. అవ్వ రాకపోతే ఆ కుప్పలు పెట్టిందెవరు?