ఫౌల్‌ను ఫౌల్ అన్నందుకు

మా చిన్నప్పుడు... కళ్యాణదుర్గంలో మా సూరి మామ రేకుల షెడ్డులో పూల్ టేబుల్ పెట్టాడు... పొడుగు కట్టెతో బంతుల్ని కొట్టి గుంతల్లో వేసే ఆట. బెంగుళూరులో ఎవరో అమ్మేస్తుంటే కొని లారీలో తెచ్చాడు. పచ్చ గుడ్డకు రెండు చోట్ల అతుకులు... గాలి లేస్తే దాని నిండా ఎర్ర దుమ్ము. పొద్దున్నే పాత చీర ముక్కతో దులిపేది నేనే. దులిపాక ఒక ఆట నాది!

గోడ మీద మామ సుద్దముక్కతో రూల్స్ రాశాడు. తెల్ల బంతి గుంతలో పడితే ఫౌల్. అది ముందుగా మన బంతికి తగలకపోతే ఫౌల్. చెయ్యి గానీ చొక్కా గానీ ఏ బంతికి తగిలినా ఫౌల్. ఫౌల్ అయితే తెల్ల బంతి ఎదుటివాళ్ల చేతికొస్తుంది... ఇష్టమొచ్చిన చోట పెట్టి కొట్టుకోవచ్చు.

నాకు పన్నెండేళ్లు. ఆ షెడ్డులో ఆడపిల్లను నేనొక్కదాన్నే. అమ్మ రోజూ తిట్టేది. నేను రోజూ పోయేదాన్ని.

ఒక ఆదివారం మహేశన్న వచ్చాడు. డిగ్రీ చదివేవాడు. మా మామ షెడ్డు వేసుకున్న స్థలం వాళ్ల నాయనదే.

"ఏం పాపా, కట్టె నీకంటే పొడుగుండాదే! ఆడతావా?"

"ఆడతాన్నా."

చుట్టూ పదిమంది చేరారు. ఆట చివరికొచ్చేసరికి ఇద్దరికీ నల్ల బంతి ఒక్కటే మిగిలింది. దాన్ని వేసినవాళ్లే గెలిచినట్టు. మహేశన్న టేబుల్ మీదికి బాగా వంగాడు... వదులు చొక్కా చెయ్యి నల్ల బంతికి తగిలి, అది గుంత వైపు జరిగింది.

"ఫౌల్" అన్నాను.

"ఏం ఫౌల్? ఎవరన్నా చూసినారా?"

అందరూ చూశారు. ఒక్కరూ నోరు మెదపలేదు. మామ వైపు చూశాను... ఆయన తల వంచుకున్నాడు.

"నేను చూసినా" అన్నాను.

"నువ్వు చూస్తే లెక్కా? పక్కకు జరుగు."

నేను జరగలేదు. చెయ్యి చాపి తెల్ల బంతిని తీసి పిడికిట్లో పెట్టుకున్నాను.

"ఫౌలయితే ఇది నాది. గోడ మీద రాసిండాది... చదువుకోన్నా!"

 పిడికిలి విప్పలేదు. అప్పుడు మామ తలెత్తాడు.

"పాప చెప్పేది నిజమే మహేశా. నేనూ చూసినా."

మహేశన్న కట్టె విసిరేసి వెళ్లిపోయాడు. నేను తెల్ల బంతిని నాక్కావలసిన చోట పెట్టి కొట్టాను... గురి తప్పింది! ఆ ఆట ఎవరూ గెలవలేదు.

నెల తిరక్కుండానే మహేశన్న వాళ్ల నాయన షెడ్డు ఖాళీ చేయమన్నాడు. టేబుల్‌ను ఎవరో హిందూపురం వాళ్లు కొనుక్కుపోయారు. లారీ కదులుతుంటే ఏడుస్తూ అడిగాను, "నా వల్లనే కదా మామా?"

"నీ వల్ల కాదు పాపా. ముందే నేను చెప్పాల్సిన మాట నువ్వు చెప్పినావు. దానికి ఏడుస్తారా యాడన్నా?"

అమ్మ మాత్రం చాలా ఏళ్లు దెప్పింది... "ఆ పొద్దు నోరు మూసుకొని ఉంటే ఏం పోయుండు?" అని. ఏం పోయేదో నాకు తెలుసు. ఈరోజు మళ్లీ ఆ టేబుల్ ముందు నిలబెట్టినా, షెడ్డు పోతుందని తెలిసినా... ఆ మాటే అంటాను.

ఇప్పుడు మా అమ్మాయి ఫోన్లో పూల్ ఆడుతుంది. తప్పు జరగ్గానే ఫోనే ఫౌల్ అని చూపిస్తుంది. ఎవరికీ ఎదురు నిలబడే పని లేదు... గొంతు పెగల్చుకునే పని లేదు.

మీరూ ఎప్పుడైనా పెద్దవాళ్ల మొహం మీదే "ఇది తొండి" అన్నారా? ఆ తర్వాత ఏం జరిగింది... చెప్పండి, వింటాను.