అన్నిటికీ ‘నో’ అని కొట్టిన ఫారం

మా అమ్మాయికి పదమూడేళ్ళు. ఒకరోజు బళ్ళో ఎవరో సముద్రం అడుగున ఉండే పగడాల దిబ్బల గురించి పాఠం చెప్పారట. ఇంటికి రాగానే బ్యాగు కింద పడేసి, “నాన్నా, నాకు స్కూబా చేయాలి, సిలిండర్ కట్టుకుని సముద్రం అడుక్కి దిగాలి. కోరల్ అంతా చచ్చిపోతుంది, అది పోకముందు చూడాలి” అంది. ఆఖరిచూపుకి పరుగెత్తడం మా వంశంలో ఉన్నదే కాబట్టి వెంటనే సరేనన్నాను.

సరేననడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ వసంతంలోనే మాకు గ్రీన్ కార్డ్ వచ్చింది. అంతకుముందు పన్నెండేళ్ళపాటు దేశం దాటడమంటే మాకు ఇండియా వెళ్ళి, పాస్‌పోర్టులో వీసా స్టాంపు వేయించుకుని, బతుకు జీవుడా అని అమెరికాలో మా ఊరు రెడ్‌మండ్ వచ్చి పడటమే. ఏ స్టాంపూ అక్కర్లేకుండా, కేవలం చేపల్ని చూడటానికి ఒక దేశం వెళ్ళొచ్చునన్న సంగతి నాకు కాస్త మత్తెక్కించింది. ఆ మత్తులోనే డిసెంబరు సెలవులకి కరీబియన్‌లో ఒక చిన్న దీవికి టికెట్లు బుక్ చేశాను.

దీవిలో డైవింగ్ షాపువాళ్ళు ఒకటే షరతు పెట్టారు. పదిహేనేళ్ళు నిండని పిల్లలు నీళ్ళలోకి దిగాలంటే, సర్టిఫికెట్ ఉన్న తల్లో తండ్రో పక్కన దిగాలి. అంటే నేను నేర్చుకుంటేనే పిల్ల దిగుతుంది.

“నన్ను మాత్రం దీంట్లోకి లాగకండి. నేను ఒడ్డున దోమల సంగతి చూసుకుంటాను,” అంది మా ఆవిడ.

చూసుకోవడమంటే ఆషామాషీగా కాదు. ట్రావెల్ క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ తీసుకుని మా ముగ్గురికీ టైఫాయిడ్‌కి, కామెర్లకి టీకాలు వేయించింది. దోమల క్రీము, ఓఆర్ఎస్ పొట్లాలు, చెవిలో వేసుకునే చుక్కలు, వాము కలిపి ఒక మందుల సంచి తయారుచేసింది. ఆ సంచిని చూసినవాళ్ళెవరైనా మేము వారంరోజుల విహారానికి కాదు, వారంరోజుల విరేచనాలకి వెళ్తున్నామనుకుంటారు. చివరి డైవ్ అయిన సాయంత్రమే తిరుగు విమానం బుక్ చేసిన ఘనుణ్ణి నేను. లోతు నుంచి వచ్చినవాళ్ళు కనీసం ఒక రోజు విమానం ఎక్కకూడదని చదివి, టికెట్ మార్పించింది ఆవిడ. నేను మునగడానికీ ఎగరడానికీ మధ్య గ్యాప్ ఇవ్వని మనిషినని ఆ రోజంతా దెప్పింది.

సెప్టెంబరులో మా ఇంటి దగ్గర ఈత కొలనులో డైవింగ్ క్లాసు మొదలైంది. ఇన్‌స్ట్రక్టర్ అరవై దాటిన అమెరికన్ ఆవిడ. గొంతు మెత్తన, చూపు మాత్రం గట్టిది. మొదటిరోజు అందరికీ ఒక ఆరోగ్యం ఫారం ఇచ్చింది. దానినిండా ప్రశ్నలు, ఒక్కోదాని పక్కన ‘ఎస్’, ‘నో’ గళ్ళు.

ఇక్కడ నా చదువు గురించి చెప్పాలి. వీసా ఫారాల్లో నేను పండిపోయాను. మీరు ఎప్పుడైనా మనుషుల్ని అక్రమంగా రవాణా చేశారా? నో. ఆయుధాలు అమ్మారా? నో. అంటురోగం ఉందా? నో. ప్రభుత్వాన్ని కూల్చే ఉద్దేశంతో వెళ్తున్నారా? నో. ఒక్క చోట ‘ఎస్’ పడిందా, పెళ్ళాంపిల్లలతో సహా విమానాశ్రయంలో వెనకగదే గతి. అందుకని ప్రశ్న చదవకుండానే చెయ్యి కుడివైపు గడి మీదికి పోవడం అలవాటైపోయింది. ఆ అలవాటు ప్రకారమే, పైనుంచి కిందదాకా ఒకే ఊపులో ‘నో’లు కొట్టి, సంతకం పెట్టి, క్లాసులో అందరికన్నా ముందు ఇచ్చేశాను. ఫస్టు వచ్చినంత గర్వపడ్డాను కూడా.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చదివింది. “మీకు నలభై ఐదేళ్ళు దాటలేదా?”

“నో,” అన్నాను, అదే ఊపులో.

“పైన పుట్టినతేదీ ప్రకారం నలభై తొమ్మిది. రెండూ నిజమైతే మీరు మొహానికి ఏం రాస్తారో నాక్కూడా చెప్పండి.”

నీళ్ళలోకి దిగకముందే నా పరువు దిగింది. ఆవిడ నవ్వుతూనే, “మిగతావి నిజమేనా? ఆస్తమా, ఆయాసం, ఇన్‌హేలర్ వాడకం?” అంది.

నేను నోరు తెరిచేలోపు, పక్కనే మాస్కు బిగించుకుంటున్న మా అమ్మాయి, “నాన్నా, కార్‌లో నీ పఫర్ ఉంది కదా?” అంది.

కార్‌లో ఉన్న మాట నిజమే. ప్రతి ఏప్రిల్లో పుప్పొడి రాలే రోజుల్లో రెండుసార్లు పీలుస్తాను. చిన్నప్పుడు నా ఛాతీలో పిల్లికూతలు వినబడేవి. ఆ పిల్లి పోయిందని అందరికీ చెప్పుకున్నాను, నాకు నేను కూడా. ఇన్‌హేలర్‌ని ‘అలర్జీ మందు’ అని పిలిచి సర్దుకున్నాను.

ఇన్‌స్ట్రక్టర్ ఫారం వెనక్కి ఇచ్చి, డాక్టరు సంతకం లేనిదే నన్ను కొలనులోకి కూడా దిగనివ్వనంది. ఆ రోజు పిల్లని మాత్రం తనతో దింపింది. నేను గట్టున తువ్వాలుతో కూర్చున్నాను.

డాక్టరు సంతకమంటే నాకు ఒకాయన గుర్తొచ్చారు. మా ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ పెద్దదిక్కు. ఊపిరితిత్తుల డాక్టరుగా నలభై ఏళ్ళు పనిచేసి, ఇప్పుడు టొమాటోలు పెంచుకుంటున్నారు. ఆదివారం పొద్దున్నే అరకిలో మైసూర్‌పాకుతో వెళ్ళాను. ఫారం టీ కప్పు పక్కన, స్వీటు డబ్బాకి కాస్త కింద, మర్యాదగా పెట్టాను.

“ఏమోయ్, ఇదేదో లంచంలా ఉందే?” అన్నారు, ముక్క నోట్లో వేసుకుంటూ.

“అబ్బే, ఊరికే. చిన్న సంతకం, డాక్టర్ గారూ. ఏడాదికి రెండుమూడుసార్లే పీలుస్తాను.”

“నేను రిటైరయ్యాను. నా సంతకం నా టొమాటోల మీద కూడా చెల్లదు.” తర్వాత ముక్క నమలడం ఆపి, “నీళ్ళ కిందనుంచి పైకొచ్చేకొద్దీ లోపలి గాలి ఉబ్బుతుందోయ్. ఆస్తమాతో ఊపిరి గొట్టాలు బిగుసుకుంటే ఆ గాలి బయటికి రాలేదు. ఊపిరితిత్తి చిరుగుతుంది. నీ పక్కన ఎవరుంటారన్నావు?” అన్నారు.

“అమ్మాయండీ.”

“పదమూడేళ్ళ పిల్ల నిన్ను పైకి లాక్కురావాలా?”

ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాను. మైసూర్‌పాకు ఆయనే ఉంచుకున్నారు. ఎక్కడ పరీక్ష చేయించుకోవాలో కాగితం మీద రాసిచ్చారు.

ఆ పరీక్షలో ముక్కుకి క్లిప్పు పెట్టి ఊదించారు, ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించారు, మళ్ళీ ఊదించారు. రెండో ఊదుడులో నా పిల్లి తిరిగొచ్చింది. అక్కడి డాక్టరమ్మ నా ఫారం మీద డైవింగ్ పనికిరాదని రాసింది. నా జీవితంలో మొదటిసారి ఒక ఫారం నాకే ‘నో’ చెప్పింది.

ఇంటికొచ్చి చెప్పాను. పిల్ల “ఇట్స్ ఓకే నాన్నా” అంది. అంత తొందరగా అనేసరికి అబద్ధమని తెలిసిపోయింది. తన గదిలోకి వెళ్ళి తలుపు మెల్లగా వేసుకుంది. విసురుగా వేసినా బాగుండేది.

మా ఆవిడ మందుల సంచి సర్దుతోంది. సంచి జిప్పు మూసి పక్కన పెట్టింది. తర్వాత, “ఆ ఫారం ఖాళీది ఇంకోటి ఉందా?” అంది.

“నీకెందుకు? నీకు ఈత రాదుగా.”

ఆవిడ చూసినట్టు నాకేసి వీసా ఆఫీసర్లు కూడా ఎప్పుడూ చూడలేదు. “నాలుగేళ్ళు శనివారం శనివారం పిల్లనీ నన్నూ ఈత క్లాసు దగ్గర దింపి, మీరు కాఫీకి పోయేవారు. మరి నేను అక్కడ గంటసేపు ఏం చేసేదాన్ననుకున్నారు?”

“మరి నన్ను లాగొద్దన్నావుగా?”

“భయమండీ. మీరు దిగుతారు కదా, నేను తప్పించుకోవచ్చనుకున్నాను.”

ఫారం ముద్రించి ఇచ్చాను. ఆవిడ భోజనాలబల్ల దగ్గర కూర్చుని, ఒక్కో ప్రశ్న పైకి చదివి, ఆలోచించి, రెండింటికి తన డాక్టరుకి ఫోన్ చేసి కనుక్కుని, ముప్పావు గంటలో నింపింది. అన్నిటికీ నో. కాకపోతే ఆవిడవి నిజం నోలు.

నవంబరులో ఒక శనివారం తల్లీకూతుళ్ళిద్దరూ కొలను అడుగున కూర్చుని మాస్కులోకి చేరిన నీళ్ళు ఎలా బయటికి పంపాలో ఒకరికొకరు సైగలతో చెప్పుకుంటున్నారు. పైన నాకు రెండు బుడగల వరసలు కనబడుతున్నాయి. పెద్ద వరస తడబడుతోంది, ఆగుతోంది, మళ్ళీ వస్తోంది. నేను గట్టున రెండు తువ్వాళ్ళు, మందుల సంచి పెట్టుకుని కాపలా కాస్తున్నాను. ఇన్‌స్ట్రక్టర్ వాళ్ళని అసిస్టెంటుకి అప్పగించి వచ్చి నా ఒళ్ళో ఒక కాగితం పెట్టింది. దీవిలో పడవ మీద ఊరికే కూర్చునేవాళ్ళు కూడా నింపాల్సిన ఫారమట.

పెన్ను తీశాను. చెయ్యి దానంతటదే కుడిగడి మీదికి పోయింది. దాన్ని వెనక్కి లాగి మొదటి ప్రశ్న చదివాను. వయసు. రాశాను. రెండోది, మందులు. అన్నీ రాశాను. గడి చాలక పక్కకి కూడా రాశాను. మూడోది, పడవ ఎక్కితే తల తిరుగుతుందా? దీనికి ఎక్కడినుంచి మొదలుపెట్టాలో ఆలోచించాల్సి వచ్చింది.

నీళ్ళలోంచి పిల్ల తల పైకొచ్చింది. మాస్కు నుదుటి మీదికి తోసి, గట్టు పట్టుకుని, “నాన్నా, అమ్మ చేసేసింది! నువ్వు డన్ ఆ?” అంది.

“లేదమ్మా. ఇంకా మూడో ప్రశ్నే.”

“ఓకే, మెల్లగా చెయ్,” అని మాస్కు దించుకుని, వాళ్ళమ్మ దగ్గరికి మునిగింది.