చెయ్యి చల్లిన పెసలు

మా వీధిలో ఆయన్ని అందరూ గుప్పెళ్ళ మామ అంటారు. విత్తనాలు చల్లడానికి దిగాడంటే, పొలం చివరికి చేరేసరికి ఆఖరి గుప్పెడు సరిగ్గా అయిపోయేది. ఒకచోట గుబురు ఉండదు, ఒకచోట బోడి ఉండదు. ముప్పై ఏళ్ళు పిల్లలకి భాగహారాలు చెప్పాను కానీ, శేషం లేకుండా అంత శుభ్రంగా భాగించిన మనిషిని ఇంకొకర్ని చూడలేదు.

అలాంటి చేతిని ప్రభుత్వం డబ్బిచ్చి మరీ కట్టేసింది. అందులో నా పాపమూ ఉంది లెండి, ఆ ఫారం నింపింది నేనే. భూమిలో నీళ్ళు అడుగంటాయి కాబట్టి, మూడేళ్ళు పొలాన్ని బీడుగా వదిలేస్తే ఎకరానికింత అని ఏటా ఇస్తామన్నారు. మధ్యలో పంట వేస్తే మాత్రం తీసుకున్నదంతా వెనక్కి కట్టాలి.

వేలిముద్ర వేస్తూ మామ అడిగాడు. "పడుకుంటే నేలకి బలమొస్తుంది మేష్టారూ. మరి నా చేతికి?"

నేను నవ్వేశాను. ఆయన నవ్వలేదు. డెబ్బై దాటాక మర్చిపోయిన పని మళ్ళీ చేతికి వస్తుందా అని ఆయన బెంగ.

డబ్బు వేళకి పడేది. మామా వేళకి పొలం వెళ్ళేవాడు. గేటు నుంచి బావి దాకా నడవడం, మబ్బు చూడడం, తిరిగి రావడం. పక్క పొలంలో విత్తుతుంటే పెళ్ళికి పిలవని చుట్టంలా గట్టు మీద నిలబడేవాడు.

మూడో ఏడు ఎండాకాలంలో మామ ఇల్లాలు, మా అందరి అత్తకి కొత్త బాధ మొదలైంది. వంటింట్లో పెసలు తగ్గిపోతున్నాయి.

"రాళ్ళేరమని ఈయన ముందు పళ్ళెం పెడతాను. ఏరి డబ్బాలో పోస్తాడు. వారం తిరిగేసరికి సగం! ఎలకలు మేష్టారూ, ఎలకలు!"

బోను కొని పెట్టింది. ఒక్క తోకైనా పడలేదు.

ఆపైన ముసురు పట్టింది. పది రోజులు మామని అత్త గడప దాటనివ్వలేదు. తెరిపిచ్చిన రోజునే తనిఖీ అమ్మాయి దిగింది. బీడు ఫొటో తీసి పంపితేనే ఆ ఏటి డబ్బు. నలుగురం కలిసి వెళ్ళాం.

గేటు తీసి అందరం కొయ్యబారిపోయాం. బావి దాకా, బాటకి రెండు పక్కలా, చెయ్యి విసిరినంత వెడల్పున పచ్చటి మొలకలు!

"ఎవరు చల్లారు తాతా?" అంది ఆ అమ్మాయి.

మామ కుడిచేతిని తిప్పితిప్పి చూసుకున్నాడు. జేబులో పెట్టి తీస్తే నాలుగు పెసలు.

"నేను నడిచానమ్మా, అంతే. చల్లింది ఇది."

"రెండు కాళ్ళ ఎలక!" అత్త నుదురు కొట్టుకుంది. "నిన్నింట్లో పెట్టుకుని బోను కొన్నాను చూడు, నన్ననాలి! రెండేళ్ళ డబ్బు ఇప్పుడెక్కడ తెచ్చి కడతావయ్యా?"

ఆ అమ్మాయి నవ్వాపుకుంది. "పూత రాకముందే పీకేస్తే పంట కింద లెక్కెయ్యం బామ్మా. ఇంకో రెండు పొలాలు చూసి నాలుగింటికి వస్తాను. అప్పటికి పచ్చన కనబడకూడదు."

ఆ అమ్మాయి వెళ్ళగానే పీకడానికి అత్తా నేనూ వంగాం. మామ మాత్రం మొదటి మొలక దగ్గరే కూర్చుండిపోయాడు.

"పీకవయ్యా! పాలు తాగే పిల్లని లాక్కుంటున్నట్టు ఆ మొహమేంటి?" అంది అత్త. కానీ ఆవిడ గొంతులోనూ పదును లేదు.

ఆఖరికి ఆయనా ఒక్కొక్కటే పీకుతూ కదిలాడు. బావి దగ్గరికి చేరాక నడుం పట్టుకుని లేచాడు. వెనక్కి తిరిగి, పీకిన గుంటల వంక చాలాసేపు చూశాడు.

"మేష్టారూ, చూశారా? ఒకచోట గుబురు లేదు. ఒకచోట బోడి లేదు." కుడిచెయ్యి ఎత్తి చూపించాడు. "ఇది మర్చిపోలేదు."

నాలుగింటికి ఫొటో అయింది.

"ఇంకెన్నాళ్ళమ్మా?"

"ఎనిమిది నెలలు తాతా."

ఎనిమిది వేళ్ళు మడిచి చూసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే అత్త పెసల డబ్బాని బీరువాలో పెట్టి తాళం వేసింది. మామ చెప్పులేసుకుంటుంటే పిలిచి జేబు నిండా ఏదో పోసింది. ఇన్నాళ్ళూ పెసల్లోంచి ఏరి గుమ్మం పక్కన పోసిన సన్నరాళ్ళు.

"ఇవి మొలవవు," అంది. "వెళ్ళి చల్లుకో."