నోరు లేని జీవం

చిన్న పిల్లలు పెంచుకోవడానికి ఏ జంతువు మంచిదని ఇప్పుడెవరైనా అడిగితే, కరవనిది, బొచ్చు రాలనిది, ఇల్లు పాడుచేయనిది అని చెబుతారు. మా ఇంట్లో అవేవీ చూడలేదు. చప్పుడు చేయనిది కావాలి, అంతే. నాలుగేళ్ల మా తమ్ముడి కోసం అటువంటి దాన్ని వెతుకుతూ మా అవ్వ, అమ్మ, నాయిన ఒక చలికాలమంతా గడిపారు. నోరు లేని జీవాలు అని ఊరికే అంటాం గానీ, తీరా వెతికితే నోరు లేనిది ఒక్కటీ దొరకదు.

మాది కేతేపల్లికి ఇవతల, గుట్టను ఆనుకుని ఉన్న చిన్న ఊరు. పోలీసు యాక్షన్ అయిపోయి నిజాం రాజ్యం పోయింది. మా ఊరికి మాత్రం నిమ్మళం రాలేదు. దొర వదిలిపోయిన గడిలో మిలిటరీ క్యాంపు పెట్టారు. గుట్టల్లో కమ్యూనిస్టు దళాలు అలాగే ఉన్నాయి. పొద్దుగూకే వేళ దళం వాళ్లు జొన్నచేలలోంచి వచ్చి, మా ఇల్లు లాంటి కొన్ని ఇళ్లలో అన్నం తినిపోయేవాళ్లు. వాళ్లను చూసి కుక్కలు మొరిగేవి. ఏ వాడలో మొరిగితే ఆ వాడకు క్యాంపు వాళ్లు వచ్చేవాళ్లు. అందుకని ఊళ్లో కుక్క అన్నదే ఉండొద్దని పెద్దలు కట్టుబాటు చేసుకున్నారు. ఎవరింటి కుక్కను వాళ్లే తీసుకుపోవాలి. మా తమ్ముడి కుక్కపిల్లను నాయిన తాడు కట్టి వాగు వైపు తీసుకుపోయాడు. వచ్చేటప్పుడు చేతిలో తాడు ఒక్కటే ఉంది. తమ్ముడు అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

కుక్కలు లేని ఊరు ఎలా ఉంటుందో చూసినవాళ్లకే తెలుస్తుంది. మేకలున్నాయి, కోళ్లున్నాయి, రోకటి పోట్లున్నాయి. అయినా పొద్దుగూకితే చెవుల్లో ఏదో ఖాళీ. మనిషి వాకిట్లోకి వచ్చి నిలబడేదాకా వచ్చినట్టు తెలియదు. తలెత్తితే ఎవరో ఉండేవారు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. వాకిలికి వీపు పెట్టి కూర్చోవడం మానేశాను.

అదిగో, అప్పుడు తమ్ముడు మొరగడం మొదలుపెట్టాడు.

మొదట ఆట అనుకున్నాం. గడప మీద మోచేతులు ఆనించి, మెడ చాచి, జొన్నచేల దిక్కు చూసి మొరిగాడు. పిల్లలు వెక్కిరింతకు మొరిగే మొరుగుడు కాదది, అచ్చంగా ఆ కుక్కపిల్ల గొంతే. పొయ్యి దగ్గర అమ్మ చేతిలో తెడ్డు ఆగిపోయింది. కాసేపటికి చేలలోంచి ఇద్దరు మనుషులు వచ్చారు. అంత దూరం నుంచి వాళ్ల అడుగులు వాడికెలా వినపడ్డాయో నాకు నేటికీ తెలియదు. మళ్లీ వచ్చినప్పుడూ అంతే. ముందు వీడి మొరుగుడు, తర్వాత మనుషులు.

వచ్చినవాళ్లలో పెద్దాయన తినే చెయ్యి ఆపి నాయినతో నెమ్మదిగా అన్నాడు: "ఊర్ల ఒక్క కుక్క లేకపాయె. గిప్పుడు ఏ ఇంట్ల మొరుగుడు ఇనవడితే గా ఇంటికే వస్తరు క్యాంపోళ్లు. మేమంటే గుట్ట వడ్తం. నువ్వేడికి పోతవు? పిలగాన్ని జర సముదాయించు."

కొట్టి చూశారు, బెల్లం పెట్టి చూశారు. వాడు సరేనని తలూపేవాడు, పొద్దుగూకితే మళ్లీ మొరిగేవాడు. చివరికి అవ్వ అంది: "కుక్కపిల్ల మీద పాణం వెట్టుకున్నడు. ఇంకో జీవాన్ని తెచ్చియ్యుండ్రి, గది మర్సిపోతడు." ఆ తెచ్చేది నోరు మూసుకుని ఉండేదై ఉండాలని ఎవరూ పైకి అనలేదు. అందరికీ తెలుసు.

నాయిన ఏది తెచ్చినా అవ్వ దాన్ని గంప కింద మూసి, కంచుపళ్లాన్ని గరిటెతో ఒక్కటి వాయించేది. గంపలోంచి గొంతు వచ్చిందా, వచ్చిన దారినే పోవాలి. గొర్రెపిల్ల మొదటి దెబ్బకే పోయింది. పూరేడు పిట్ట ఊరుకుంది, హమ్మయ్య అనుకుంటే తెల్లవారుజామున కూత పెట్టింది. పిల్లికూన నెగ్గింది గానీ, "ఈడుకొస్తే ఊరంత లేపుతది" అని అవ్వే వద్దంది. మేనమామ చిలుకను తెస్తానంటే అవ్వకు ఒళ్లు మండింది. "సిలుక మనం నేర్పింది పలుకుతదా? దాసింది పలుకుతది" అంది. నాకు నవ్వొచ్చింది. "గీ పోరి నోరు గూడ గంప కిందనే వెట్టాలె" అని గరిటె నా వీపు మీద కూడా మోగించింది.

జొన్నకోతలప్పుడు చేలో చెవులపిల్లి కూన దొరికింది. కుందేలును మా ఇంట్లో అలాగే అనేవాళ్లం. అరచేతిలో పట్టేంత ఉంది. నాయిన రుమాలులో చుట్టి తెచ్చాడు. అవ్వ పళ్లెం వాయించింది. గంపలో ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ వాయించింది. చచ్చిపోయిందేమోనని గంప ఎత్తి చూశాం. చెవులు వీపుకు అంటించుకుని, కళ్లు తెరుచుకుని, రాయిలా ఉంది. డొక్క దగ్గర చర్మం మాత్రం గబగబా కొట్టుకుంటోంది.

"గిది మనింటికి పనికొస్తది" అంది అవ్వ.

తమ్ముడికి అది నచ్చింది. మేకపాలలో గుడ్డపీలిక ముంచి తాగించాడు. రాళ్ల మీద ఎత్తుగా నిలిపిన ధాన్యం గుమ్మి కింద దానికి జాగా చేసి, తనూ అక్కడే దూరాడు. మొరగడం మానేశాడు. వాడు ఇక అలాగే గమ్మున ఉండాలని అమ్మ ఎల్లమ్మకు బోనం మొక్కుకుంది. ఇంటిల్లిపాదికీ పోయిన ప్రాణం లేచి వచ్చినట్టయింది.

కొన్నాళ్లకు ఒక సంగతి నా కంటపడింది. పొద్దుగూకే వేళ చెవులపిల్లి గడ్డి నమలడం ఆపేది. పక్కనే అన్నం తింటున్న తమ్ముడూ ఆపేవాడు. ముద్ద బుగ్గలోనే ఉండిపోయేది. ఇద్దరూ ఒకే దిక్కు చూసేవాళ్లు, రెప్ప పడేది కాదు. ఆ తర్వాతే వాకిట్లో ఎవరో కనపడేవారు. రాను రాను ఇంట్లో అందరికీ అది అలవాటైంది. వాడు నమలడం ఆపితే నాయిన దీపం తగ్గించేవాడు, అమ్మ తలుపు దగ్గరగా వేసేది. కుక్క అరిచి చెప్పేది, వీడు ఊరుకుని చెప్పేవాడు.

ఒకసారి క్యాంపు వాళ్లు ఇల్లు సోదా చేయడానికి వచ్చారు. ఒక సిపాయి వంగి గుమ్మి కిందికి టార్చిలైటు వేశాడు. వెలుగు తిన్నగా తమ్ముడి ముఖం మీద పడింది, నేను చూశాను. వాడి కళ్లు రెండూ మెరిశాయి. సిపాయి లేచి, "కోయీ నహీ", ఎవరూ లేరని చెప్పి బయటికి నడిచాడు. వాళ్లు పోయాక అమ్మ వాడిని ఒళ్లోకి లాక్కుని, "నా బంగారు తండ్రి, సప్పుడు జెయ్యలే" అని ముద్దులు పెట్టుకుంది. వాడి ఒళ్లు చల్లగా ఉండిందని తర్వాత నాతో అంది.

కాలం గడిచింది. క్యాంపు ఎత్తేశారు, దళాలు గుట్ట దిగాయి. చెవులపిల్లి ఎప్పుడో తడిక దాటి చేలలోకి పోయింది. తమ్ముడు మాత్రం గుమ్మి కిందే ఉన్నాడు. పిలిస్తే చూసేవాడు, పలికేవాడు కాదు. నల్లగొండ దవాఖానలో వాడి నాలుక, చెవులు చూసి ఏ లోపమూ లేదన్నారు. "గమ్మున ఉండాలని నేనే మొక్కిన" అని అమ్మ దారి పొడుగునా ఏడ్చింది. నాకు అవ్వ మీద, నాయిన మీద, ఆ కంచుపళ్లెం మీద కోపం. ఆ కోపం ఇప్పటికీ పోలేదు.

ఊళ్లోకి మళ్లీ కుక్కలు వచ్చాయి. అమ్మ పుట్టింటి నుంచి ఒక కుక్కపిల్లను తెచ్చి గుమ్మి ముందు వదిలింది. అది కుయ్యిమంది. వాడు చూస్తూ ఉన్నాడు.

"నువ్వు గూడ ఒర్రు కొడకా. గప్పటి లెక్క మొరుగు. ఇప్పుడెవ్వరు రారు" అంది అమ్మ.

వాడు కదల్లేదు. అప్పుడు అమ్మ నేల మీద చేతులు ఆనించి తనే మొరిగింది. మొదట సిగ్గుపడుతూ, తర్వాత గొంతు చీలిపోయేట్టు మొరిగింది. నాయిన తల తిప్పుకున్నాడు.

వాడు గుమ్మి కింద నుంచి పాక్కుంటూ వచ్చాడు. అమ్మ ఏడుస్తూ రెండు చేతులూ చాచింది. వాడు దగ్గరికి వచ్చి, వాకిలి దిక్కే చూస్తూ, అరచేత్తో అమ్మ నోరు మూశాడు.